చేవెళ్ళలో వేసిన సేమియా

నాకు మనుషులతో మాట్లాడడం రాదు. కాగితం మీదైతే నా అంత వాగుడుకాయ ఈ తాలూకాలోనే లేదు. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి కూడా డైరీలో పేజీకి తగ్గకుండా రాస్తాను. కానీ ఎదురుగా ఎవరైనా నిలబడి "ఏం బిడ్డా, బాగున్నవా" అంటే చాలు, నాలుక లోపలికి పోయి తలుపేసుకుంటుంది. పట్నంలో చేవెళ్ళ బస్సు ఎక్కినప్పుడు కండక్టరుకు ఊరి పేరు చెప్పడానికి కూడా జంకి, పక్కన కూర్చున్నావిడ టికెట్ అడిగేదాకా ఆగి, "నాకు గూడ గదే" అనేదాన్ని. ఒకసారి ఆవిడ మొయినాబాదుకు తీసుకుంది. నేనూ మొయినాబాదులో దిగిపోయాను. అక్కడ మా మేనత్త ఇల్లుంది కనుక, ఆమెను చూడాలనిపించి వచ్చానని చెప్పి బయటపడ్డాను. నేను అంత ప్రేమ గలదాన్నని అత్త చాలా రోజులు నమ్మింది.

అత్త మా బాపుకు అక్క. మొయినాబాదులో నర్సు పని చేస్తుంది. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో పెరిగింది. అక్కడ నేర్చుకున్న తిండి మర్యాదలను బైబిలు పక్కనే పెట్టుకొని కాపాడుతుంది. ఆమె ఇంట్లో నోరు మూసుకొని నమలాలి. చెంచా గిన్నెకు తగిలి చప్పుడు కాకూడదు. బాపు ఆమె మాటకు ఎదురు చెప్పడం నేను చూడలేదు, ఒక్క చాయ్ విషయంలో తప్ప. బాపు చాయ్‌ని సాసరులో పోసుకొని, పక్కింటికి వినబడేలా జుర్రుతాడు. అత్త కళ్ళు మూసుకుంటుంది. తమ్ముడి కోసం ఆ కాసేపు ప్రార్థన చేస్తుందని మా అవ్వ అంటుంది. అవ్వ అంటే మా అమ్మ.

అరవై తొమ్మిదిలో ఉద్యమం మొదలై కాలేజీలు మూతపడినప్పుడు, హాస్టలు ఖాళీ చేసి ట్రంకుపెట్టెతో చేవెళ్ళ వచ్చేశాను. నాతో చదివే అమ్మాయిలు ఊరేగింపుల్లో నడిచారు, గొంతు బొంగురుపోయేలా నినాదాలిచ్చారు. రాకముందు నేనూ ఒక ఊరేగింపులో నడిచాను. ముందువాళ్ళు "జై" అంటే వెనకవాళ్ళం "తెలంగాణ" అనాలి. నా గొంతు లేచేలోపు ముందువాళ్ళు రెండో "జై" దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆ రోజంతా నేను చేసిన ఉద్యమం పెదవులు కదపడమే.

నెలలు గడిచాయి. వానలు పడ్డాక, కాలేజీలు మళ్ళీ తెరుస్తారని మాట వినిపించింది. ఆ ఆదివారం అత్త మా ఇంటికి వచ్చింది.

"ఎందుకు తమ్మీ దీన్ని మళ్ళ పట్నం తోలుడు? దినాం బందులు, లాఠీలు. ఎవరన్న మీదికొస్తె పక్కకు జరుగుమని చెప్పనీకి గూడ నోరు లేదు దీనికి. నా దగ్గర ఉంచు, దవాఖానల పెట్టిస్త. గోలీలు పంచుడుకు మాటలతోటి పనిలేదు."

బాపు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. నాకు పట్నం మీద మోజు లేదు. హాస్టలు అన్నం మీద అసలే లేదు. కాలేజీ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల ఒకటుంది, అది కావాలి. ఆ మాట నోటితో అనలేక డైరీలో నాలుగు పేజీలు అన్నాను. డైరీ ఒప్పుకుంది.

బాపు మా బావి కింద పొలంలో కొన్నేళ్ళుగా జపాన్ పద్ధతిలో వరి వేస్తున్నాడు. అంటే ఎడానికి గుర్తుగా ముడులు వేసిన తాడు కట్టి, వరసలుగా నాటడం. మొదట్లో ఊళ్ళోవాళ్ళు "బడిపిల్లలనుకున్నడా వరిని, వరసల నిలవెట్టనీకి" అని నవ్వారు. తరువాత వాళ్ళూ తాళ్ళు తెచ్చుకున్నారు. అత్త ఇంకా మా ఇంట్లో ఉండగానే, జపాన్ నుంచి వచ్చిన వ్యవసాయ నిపుణుడొకాయన మా పొలం చూడడానికి వస్తున్నాడని, మా ఇంట్లోనే భోంచేస్తాడని బ్లాకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆయన వెంట రావలసిన ఇంగ్లీషు తెలిసిన ఆఫీసరు సమ్మెలో ఉన్నాడట.

"ఇంగిలీషుకు ఫికర్ లేదు, మా బిడ్డ ఉన్నది" అన్నాడు బాపు.

"బిడ్డ ఉన్నది గని, నోరు ఏడున్నది?" అంది అత్త.

బాపుకు ఎప్పుడూ లేని పంతం వచ్చింది. "ఆయన ముంగట నోరు తెరిచి మాట్లాడిందా, పట్నం పంపుత. తెరువలేదా, నీ దగ్గరికి తోలుత. సరేనా అక్కా?"

"సరే" అంది అత్త. నా సంగతి కనుక నన్ను ఎవరూ అడగలేదు.

మర్నాడే చేవెళ్ళ గ్రంథాలయానికి పరుగెత్తాను. ఆపద వస్తే మనుషుల దగ్గరికి పోవాలని నాకు ఎప్పుడూ తోచదు. పాత పత్రికల కట్టల్లో, జపాను చూసి వచ్చిన ఎవరో రాసిన వ్యాసం దొరికింది. అక్కడ రామెన్ అని ఒకటి తింటారట. గోధుమపిండితో చేసిన సేమియా లాంటిదాన్ని వేడివేడి మాంసపు రసంలో వేసి ఇస్తారట. దాన్ని తినడానికి పెద్ద మర్యాద ఉంది. ముందు చేతులు జోడించాలి. ఆలస్యం చేయరాదు. చప్పుడు చేస్తూ జుర్రాలి. చప్పుడు లేకపోతే వండినవారు రుచి కుదరలేదేమోనని బాధపడతారు. గిన్నె ఎత్తి రసం తాగవచ్చు. తినే పుల్లలను మాత్రం అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవారి ముందు పెట్టే పద్ధతి. చివరి మాట చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రామెన్ తింటూ కబుర్లు చెప్పుకోరట.

మాట్లాడకుండా ఉండడమే మర్యాద అయిన భోజనం ఒకటి ప్రపంచంలో ఉందని అంతవరకు నాకు తెలియదు.

పథకం అక్కడికక్కడే తయారైంది. ఆయనకు రామెన్ పెడతాం. ఆయన జుర్రుతాడు, మేమూ జుర్రుతాం, మర్యాద కనుక ఎవరూ మాట్లాడరు. ఇక బాపు పెట్టిన షరతు నోరు తెరవాలని కదా. జుర్రడానికీ నోరు తెరవాల్సిందే. ఈ వాదం డైరీలో రాసుకున్నప్పుడు చాలా గట్టిగా కనిపించింది.

అవ్వకు చెప్పాను. మేక కాళ్ళ పాయా చేసి అందులో సేమియా వేద్దామని.

"సేమియ పాలల్ల ఏస్తరు బిడ్డా. పాయల ఏసుడేంది?"

"జపానుల గట్లనే తింటరే అవ్వా."

"పాపం, గంత దూరం నుంచొస్తె గూడ ఆ తిండి ఆయన్ని ఇడువదా?"

బాపు వెదురు చీల్చి రెండు పుల్లలు నున్నగా చెక్కాడు. బాపు ఏది చేసినా దిట్టంగా చేస్తాడు. అవ్వ వాటిని చేతిలో పట్టుకొని ఒకదానితో ఒకటి కొట్టి చూసి, "వచ్చినాయనతోటి కోలాటం ఆడిపిస్తరా ఏంది?" అంది.

తరువాత తాలీము. వట్టి నీళ్ళలో ఉడికించిన సేమియా ముగ్గురం ముందు పెట్టుకొని కూర్చున్నాం. బాపుకు నేర్పవలసిన పని లేకపోయింది. ఇన్నేళ్ళ చాయ్ సాధన అక్కరకొచ్చింది. ఒక్క పీల్పుకు గిన్నె సగమైంది. "గింతేనా? దీనికి జపాను దాక పోవాల్నా?" అన్నాడు. అవ్వ ముఖం గోడవైపు తిప్పుకొని పీల్చి, మధ్యలో నవ్వొచ్చి, "నోట్లకు పాంపిల్ల పోతున్నట్టున్నది" అని కొంగు అడ్డం పెట్టుకుంది. మర్యాదలన్నీ కంఠతా వచ్చిన గురువుగా నేను చివర పీల్చాను. చప్పుడు రాలేదు, దగ్గు వచ్చింది. సేమియా పోగు ఒకటి ముక్కులోంచి బయటికి తొంగి చూసింది. అవ్వ దాన్ని కొంగుతో తీసేస్తూ, "మాటనే కాదు, సేమియ గూడ దారి తప్పుతది నీకు" అంది.

ఆయన రావలసిన రోజు తెల్లవారేసరికి పాయా పొయ్యి మీద ఘుమఘుమలాడుతోంది. కాస్త పొద్దెక్కాక మొయినాబాదు వైపు నుంచి పాలాయన సైకిలు దిగాడు.

"మీ జపాన్ సారును మొయినాబాద్‌ల ఆపిండ్రు. రాస్తా రోకో. సర్కారు జీపును కదలనిస్తలేరు."

"అయ్యో! ఆయన్ని ఏం జెయ్యలే గదా?" అన్నాడు బాపు.

"ఏం జేస్తరు? ఈయన ముల్కీనా, నాన్‌ముల్కీనా అని అడిగిండ్రు. డ్రైవరు జపానాయన అన్నడు. ఈడ పుట్టలే గద, గయితే నాన్‌ముల్కీనే అని ఒకడు. ఈడ నౌకరీ జేస్తలేడు గద, గయితే ఏం నష్టం అని ఇంకొకడు. ఆఖరికి మనిషిని ఇడిసిండ్రు, జీపును పట్టుకున్నరు. మీ అక్క దవాఖానకు పోతా పోతా చూసి, ఇంటికి తోల్కపోయింది. పొద్దుగూకంగ జీపు మళ్ళ పట్నమే పోతదట."

బాపు ఎడ్లను విప్పుకొచ్చాడు. "ఆయన పొలం కాడికి రాకపోతె, పొలాన్నే ఆయన కాడికి తీస్కపోదాం." మట్టితో సహా నాలుగు వరి కుదుళ్ళు పెరికి తడి గోనెలో చుట్టాడు. తాడు కూడా వేసుకున్నాడు.

అవ్వ సేమియా పొట్లం సంచిలో పెట్టబోయింది. "ఆడికి పోయినంక ఏద్దాం తియ్."

"ఒద్దవ్వా. ఆలస్యం జెయ్యొద్దని రాసిండ్రు."

అదే నా చదువు చేసిన పని. పత్రికలో ఆలస్యం చేయరాదని ఉంది, ఎందుకో లేదు. అతిథిని కూర్చోబెట్టి వడ్డనలో జాప్యం చేస్తే అగౌరవం అనుకున్నాను. అక్కడికి పోయి, రసం మరిగించి, సేమియా వేసి, ఉడికేదాకా ఆయన ఖాళీగా కూర్చుంటే ఎంత అవమానం! పైగా ఆ ఖాళీలో నేను మాట్లాడవలసి వస్తుంది. అందుకని పొట్లమంతా అక్కడే, మా పొయ్యి మీదే, మరుగుతున్న పాయాలో వేసేశాను. పాయా వండిన ఇత్తడి గుండు గిన్నె మీద మూత పెట్టి, గుడ్డ కట్టి, బండిలో గడ్డి మధ్య దించాము.

"నీ సదువు నీకు తెల్వాలె" అంది అవ్వ.

దారి పొడుగునా నేను సిద్ధం చేసుకున్న ఇంగ్లీషు వాక్యాలు ఎడ్లకు వినిపించాను. "మీ రాక మాకెంతో సంతోషం కలిగించింది" అన్నప్పుడు ఒక ఎద్దు తోక కూడా ఊపింది. మొయినాబాదు దగ్గర కుర్రవాళ్ళు బండి ఆపారు. "బండ్లె ఏమున్నది?" "జపానాయనకు పాయా" అన్నాడు బాపు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, "జై తెలంగాణ అనుండ్రి, పోండ్రి" అన్నారు. అవ్వ, బాపు గట్టిగా అన్నారు. నేను ఎప్పటిలాగే పెదవులు కదిపాను.

మేము చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గడప బయట ఆయన బూట్లు ముక్కులు వీధివైపు తిప్పి, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. లోపల ఆయన, బక్కపలచని పెద్దమనిషి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎదురుగా అత్త అంతకన్నా నిటారుగా కూర్చుంది. అత్తకు తెలిసిన ఇంగ్లీషంతా దవాఖానది. జ్వరముందా, నొప్పి ఎక్కడ, నాలుక చూపించు. పొద్దుటి నుంచి అవన్నీ అడిగేసిందట. ఆయన నాలుక కూడా చూపించాడట. తరువాత ఇద్దరూ ఒకరికొకరు తలలు వంచుకుంటూ కాలం గడిపారు.

నన్ను చూడగానే ఆయన లేచి వంగాడు. నేనూ వంగాను. వాక్యాలన్నీ నేల మీద రాలిపోయాయి. అత్త బాపువైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది.

పరవాలేదు, గుండు ఉంది కదా అనుకున్నాను. బల్ల మీద పెట్టి అవ్వ గుడ్డ విప్పింది. మూత దానంతటదే పక్కకు జరిగింది. లోపల రసం లేదు. చుక్క లేదు. చేవెళ్ళ నుంచి మొయినాబాదు దాకా సేమియా కూర్చొని తాగేసింది. తాగి, ఉబ్బి, గుండు నిండా ముద్దగా గడ్డకట్టింది. మధ్యలో మేక కాళ్ళ ఎముకలు అక్కడక్కడా పైకి చూస్తున్నాయి.

"ఇదేందే, ఇటుకబట్టీనా?" అంటూ అత్త గరిటె తీసుకొని గుచ్చింది. చేయి వదిలింది. గరిటె నిలబడే ఉంది. ఆమె దాన్ని వింతగా చూసి, "ఇవి గూడ తెచ్చిండ్రు గద" అని బాపు చెక్కిన వెదురు పుల్లలు రెండూ తీసి, గరిటె పక్కనే నిలువుగా గుచ్చి, గుండును ఆయన ముందుకు జరిపింది.

ఆ తరువాత జరిగింది నేను చేశానంటే ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. నేను అరిచాను. చిన్నప్పటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి అరిచాను. "నో! నో! డెడ్ మ్యాన్!"

నా వేలు సరిగ్గా ఆయన మీద ఉంది.

అత్త నర్సు కదా, ఆ మాట వినగానే ఆయన మణికట్టు పట్టుకొని నాడి చూసింది. ఆయన చేయి ఇచ్చి నావైపే చూస్తున్నాడు. నేను ఒక్క దూకులో పుల్లలు పీకాను. గరిటె లాగితే గరిటెతో పాటు గుండు కూడా లేచింది.

ఇక చెప్పక తప్పలేదు. బతికున్న మనిషిని చచ్చినవాడన్నాక, ఎందుకన్నానో చెప్పకుండా తలుపు చాటుకు పోలేం కదా. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. పుల్లల సంగతి చెప్పాను. దానికి పత్రిక సంగతి చెప్పాలి, పత్రిక చెబితే రామెన్ చెప్పాలి, రామెన్ చెబితే జుర్రే తాలీము చెప్పాలి. కాలాలు కలిసిపోయాయి, క్రియలు తెగిపోయాయి, అయినా ఆగలేదు. మాట్లాడకూడదన్న మర్యాద నాకెంత నచ్చిందో కూడా చెప్పేశాను.

ఆయన అంతా విని, నెమ్మదిగా అడిగాడు. "సేమియా ఎప్పుడు వేశావమ్మా?"

"పొద్దున్నే. చేవెళ్ళలో."

ఆయన కిటికీలోంచి మా ఎడ్లను చూశాడు. గుండును చూశాడు. అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి. తరువాత కళ్ళు తుడుచుకొని, తప్పు పట్టకుండా చెప్పాడు: ఆలస్యం చేయకూడదన్నది మనిషి గౌరవం కోసం కాదు, సేమియా కోసం. అది ఎవరికోసమూ ఆగదు, ఉబ్బిపోతుంది. తింటూ కబుర్లు చెప్పుకోకపోవడమూ అందుకే. "మీది ఎలాగూ ఉబ్బిపోయింది" అన్నాడు, "ఇక తొందర లేదు. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు."

తప్పించుకోవడానికి నేను తవ్వుకున్న ఒకే ఒక్క దారి అలా మూసుకుపోయింది.

అత్త సేమియాను కత్తితో కేకులా ముక్కలు కోసింది. ఆయన చేతులు జోడించి, ఒక మాట అనుకొని, మాలాగే చేత్తో తిన్నాడు. ఒక్క చప్పుడు లేదు. "గింత తాలీము జేస్తిమి" అని బాపు గొణిగాడు. తరువాత వరి కుదుళ్ళు తెచ్చి, అత్త కడిగిన గచ్చు మీద గోనె పరిచి విప్పాడు. బాపు అడిగేవి నేను ఇంగ్లీషు చేశాను, ఆయన చెప్పేవి తెలుగు చేశాను. పిలకలను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు; వేలితో చూపించాను. వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టి వాటిని లెక్కపెడుతుంటే ఇక నా అవసరం కూడా కనబడలేదు. తాడు మీద ముడులు ఇంకొంచెం ఎడంగా వేయమన్నాడు ఆయన. బాపు అక్కడే విప్పి మళ్ళీ వేశాడు. గచ్చు నిండా బురద. అత్త రెండడుగులు వెనక్కి జరిగింది.

చాయ్ వచ్చింది. బాపు అలవాటుగా సాసరులో పోసుకున్నాడు. అతిథి ముందు వద్దన్న అత్త చూపు చూసి, చప్పుడు లేకుండా తాగడానికి నానా అవస్థ పడుతున్నాడు. జపాన్ సారు అది గమనించి, నావైపు వంగి, ఇలా పోసుకోవచ్చా అని అడిగాడు. పోసుకోవచ్చన్నాను. ఆయన సాసరు రెండు చేతులతో ఎత్తి, కళ్ళు సగం మూసి, పొడుగ్గా జుర్రాడు.

"గదీ!" అన్నాడు బాపు. ఆ తరువాత ఇద్దరూ పోటీపడ్డారు. అత్త కళ్ళు మూసుకుంది. ఈసారి ఇద్దరి కోసం.

పొద్దు గూకుతుండగా జీపు పట్నం వైపు వెళ్ళిపోయింది. మేమింకా వాకిట్లో ఉండగానే బాపు మొదలుపెట్టాడు.

"నోరు తెరిచింది గదా అక్కా."

"తెరిచి ఏమన్నది తమ్మీ? బతికున్నాయన్ని పట్టుకొని సచ్చినోడన్నది."

"అన్నది గదా. మాట మాటే."

"గది లెక్క గాదు. భయపడి అరిసింది. పిల్లిని తొక్కితె గూడ అరుస్తది."

"తరువాత గంతసేపు మాట్లాడలేదా వదినా?" అంది అవ్వ.

"గది నీ బిడ్డ గాదు మాట్లాడింది, ఆ సేమియ మాట్లాడిచ్చింది."

అత్త అన్నది నిజమే. అందుకే నాకు భయం పట్టుకుంది. ఇప్పుడు సేమియా అయిపోయింది, వచ్చినాయన పోయాడు, వాళ్ళు నా గురించి నా తల మీదుగా మాట్లాడుకుంటున్నారు. ఈ ఇంట్లో గోలీలు లెక్కపెడుతూ, చప్పుడు కాకుండా నములుతూ ఉండే నన్ను నేను చూసుకున్నాను.

"అత్తా, నేను పోత" అన్నాను.

అత్త ఆగింది. "ఏడికి?"

"పట్నం. కాలేజికి. చదువుకోనీకి."

ఆమె దగ్గరికి వచ్చి, గడ్డం కింద వేలు పెట్టి నా ముఖం ఎత్తి, రోగి నాలుక చూసినట్టు చూసింది. "జర గట్టిగ అను."

"పోత!" అన్నాను. గొంతు పగిలింది. బండి దగ్గర ఎడ్లు వెనక్కి తిరిగి చూశాయి.

"నోరు ఉన్నది" అంది అత్త, బాపుతో, లోపలికి పోతూ. "గచ్చు కడుగుదురు రాండ్రి."

కాలేజీలు తెరిచాక నేను ట్రంకుపెట్టెతో బస్సెక్కాను. మొయినాబాదులో బస్సు ఆగగానే అత్త కిటికీ దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఒక చేతిలో కాగితం పొట్లం.

"ఇండ్ల పాయా. ఇండ్ల సేమియ. రెండు యాదుంచుకో, వేరేవేరే. హాస్టల్‌కు పోయి, పాయా మరుగవెట్టి, నువ్వు కూసున్నంక ఏస్కో. బస్సుల కలుపుతివో, జపాన్ దాక జాబు రాస్త."

బస్సంతా విని నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. ముందు చేతి సంచి దింపాలో క్యారియరు అందుకోవాలో తెలియక రెండూ వదిలేయబోయి, ఎలాగో ఒళ్ళో పెట్టుకున్నాను.

చేవెళ్ళ నుంచి కిక్కిరిసి వచ్చిన బస్సు మొయినాబాదులో సగం ఖాళీ అయి కదిలాక గానీ కండక్టరు నా దాకా రాలేదు. "యాడికమ్మా?" అన్నాడు. నేను అలవాటుగా పక్కకు చూశాను. పక్క సీటు ఖాళీగా ఉంది.

"పట్నం" అన్నాను.

ఆయనకు వినబడలేదట. ఇంకోసారి చెప్పాను.